గన్ చేతికి తీసుకునే ముందు మెయిన్ బోర్డు చూడండి

దసరా దగ్గర పడింది. ఆయుధపూజకు బండ్లు తళతళలాడాలి. వానలకు పాకుడు పట్టిన మేడ మెట్లు తేటపడాలి. నల్లబడ్డ పార్కింగ్ టైల్స్ మళ్లీ రంగు తేలాలి. సరిగ్గా ఈ రోజుల్లోనే ఆన్‌లైన్ అంగళ్లలో పండగ తగ్గింపులూ మొదలవుతాయి. ఒకప్పుడు వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో తప్ప కనిపించని ప్రెషర్ వాషర్ ఇప్పుడు అట్టపెట్టెలో ఇంటి గుమ్మంలోకి వచ్చేస్తోంది. పెట్టె విప్పిన గంటకల్లా నడిపేస్తున్నాం. అందులో వచ్చిన సూచనల పుస్తకం పెట్టెతోపాటే పాత పేపర్లవాడికి పోతోంది.

కాబట్టి చెప్పాల్సిన మాట ముందే చెబుతున్నాం. మీ ఇంటి మెయిన్ బోర్డులో పనిచేసే ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పితే సరఫరా తెంచేసే స్విచ్) లేకపోతే, మీ పవర్ ప్లగ్గుకు నిజమైన ఎర్త్ లేకపోతే, ఈ పండక్కి ప్రెషర్ వాషర్ ప్లగ్గులో పెట్టకండి. బకెట్టూ చీపురుతో కానివ్వండి. బండి కాస్త తక్కువ మెరిస్తే అమ్మవారేమీ అనుకోదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మిక్సీ అయినా, ఇస్త్రీపెట్టె అయినా పొడి చోట నిలబడి వాడతాం. ఈ యంత్రం మాత్రం మోటారు పక్కనే నీళ్లు పారించుకుంటూ, తడి నేల మీద, తడి చేతుల్తో, మన అలవాటు ప్రకారం లుంగీ ఎగ్గట్టి, ఒట్టి కాళ్లతో వాడేది. తడిసిన చర్మం కరెంటుకు అడ్డుచెప్పదు. ఇంట్లో ఉండేది 230 వోల్టులు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2021 లెక్కల్లో, దేశం మొత్తమ్మీద ఆ ఒక్క ఏడాదే కరెంటు షాకుతో పోయినవాళ్లు 12 వేలకు పైనే. అందరూ కరెంటు స్తంభాలెక్కినవాళ్లే అనుకుంటే పొరపాటు. నీళ్ల మోటారు దగ్గర, కూలర్ దగ్గర, బట్టలారేసే తీగ దగ్గర మన ఇళ్లలో ఏటా వింటున్న చావులూ ఈ కోవలోవే.

"మా ఇంట్లో ఎంసీబీలున్నాయండీ, షాకు కొడితే అవే పడిపోతాయి" అనే భరోసా చాలామందికి ఉంది. ఈ భరోసాయే ప్రాణం తీస్తుంది. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. పవర్ ప్లగ్గుకు వేసే 16 ఆంపియర్ల ఎంసీబీ, లైన్లో అంతకు మించి కరెంటు పారినప్పుడే పడుతుంది. 16 ఆంపియర్లంటే 16 వేల మిల్లీఆంపియర్లు. ఒక చేత్తో పట్టుకున్న వస్తువును వదలలేకుండా కండరాలు బిగుసుకుపోవడానికి పది పదిహేను మిల్లీఆంపియర్లు చాలు. యాభై నుంచి వంద మిల్లీఆంపియర్లు కాస్సేపు గుండె మీదుగా పారితే దాని లయ తప్పిపోతుంది. అంటే మనిషి నేల మీద కొట్టుకుంటున్నా సరే, ఎంసీబీ లెక్కలో అది ఒక చిన్న బల్బు వెలుగుతున్నంత కరెంటే. అది కదలదు.

ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని అది అనుక్షణం సరిచూస్తుంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు దారి తప్పి, నీళ్ల గుండానో మీ ఒంటి గుండానో భూమిలోకి పోతోందని అర్థం. ఇళ్లకు వేసే 30 మిల్లీఆంపియర్ల రకం, ఆ తేడా రాగానే సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా తెంచేస్తుంది. దాని మీద "టి" అని ఒక చిన్న మీట ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది బోర్డులో బొమ్మ కిందే లెక్క. నెలకోసారి నొక్కి చూడమని తయారీదారులు చెబుతారు. ఇల్లు కట్టిన నాటి నుంచి ఒక్కసారీ నొక్కని ఇళ్లే ఎక్కువ. ఈ పేజీ పక్కన పెట్టి వెళ్లి నొక్కి రండి. ఇల్లంతా కరెంటు పోతే సంతోషించండి. కొనేటప్పుడు 30 మిల్లీఆంపియర్లదని స్పష్టంగా అడగండి. వంద, మూడొందల మిల్లీఆంపియర్లవీ అంగట్లో దొరుకుతాయి, అవి మంటలు రాకుండా చూసేందుకు పనికొస్తాయి గానీ మనిషిని కాపాడేందుకు కాదు.

అయితే ఆర్‌సీసీబీ ఒక్కటుంటే నిశ్చింత అనుకోనక్కర్లేదు. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే అదీ గుర్తుపట్టలేదు. పైగా దానికి తోడుగా ఎర్త్ కూడా ఉండాలి. మన ఇళ్లలో అన్నిటికంటే అన్యాయమైపోయింది ఈ ఎర్తే. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండే లావుపాటి, పొడుగాటి పిన్ను ఎందుకలా ఉందో గమనించారా? ప్లగ్గు పెట్టేటప్పుడు ఫేజు కంటే ముందే ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర ఎర్త్ వదలాలి. అందుకే ఆ పొడుగు. అలాంటి పిన్నును సాకెట్‌లో పట్టడం లేదని విరిచేసేవాళ్లను, రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి పని కానిచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఇంకొందరు ఎలక్ట్రీషియన్లు ఎర్త్ గుంత తవ్వే శ్రమ తప్పించుకోవడానికి ఎర్త్ వైరును న్యూట్రల్‌కు కలిపేస్తారు, కాదంటే ఇనప నీళ్లపైపుకు చుట్టేస్తారు. అలా న్యూట్రల్‌కు కలిపిన చోట, ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే యంత్రం బాడీ మొత్తం ఫేజు అయి కూర్చుంటుంది. ఎర్త్ గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలని పాతకాలం మేస్త్రీలకు తెలుసు. ఇప్పుడు ఆ గుంత మీద టైల్స్ పరిచేశాం. ఎర్తింగ్ ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఉండనే ఉంది. మీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీటరు పెట్టి ఎర్త్ రెసిస్టెన్స్ ఎంతుందో చూపించమని అడగండి. మీటరు లేదని, "పర్లేదు సార్, బాగానే ఉంది" అని నోటిమాటతో సరిపెడితే ఇంకొకణ్ని పిలవండి.

ఇక జంక్షన్ బాక్స్. ఇంట్లో వాడే ప్రెషర్ వాషర్లు సాధారణంగా 1,400 నుంచి 2,000 వాట్లు లాగుతాయి, అంటే ఆరు నుంచి తొమ్మిది ఆంపియర్లు. మొబైల్ చార్జింగ్ కోసం కొన్న సన్నటి తీగ జంక్షన్ బాక్సు దీనికి తాళదు. తీగ వేడెక్కుతుంది, పైతొడుగు మెత్తబడుతుంది, మోటారుకు వోల్టేజీ చాలక మూలుగుతుంది. అన్నిటినీ మించి ఆ బాక్సు చేరేది నేల మీదికే, సరిగ్గా నీళ్లు పారే వాలులోకే. కంపెనీలు ఎక్స్‌టెన్షన్ వద్దనే చెబుతాయి. గోడకున్న 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు దాకా యంత్రం వైరే అందేలా చూసుకోండి. దూరం కావాలంటే నీళ్ల గొట్టం పొడిగించుకోండి, కరెంటు తీగను కాదు. తప్పనిసరైతే ఎర్త్ ఉన్న, మూడు పోగుల, బయట వాడకానికి తయారైన లావుపాటి కేబుల్‌ను చుట్ట మొత్తం విప్పి, జాయింటు నేల మీదికి రాకుండా పీట మీదో కుర్చీ మీదో పెట్టి వాడాలి. మధ్యలో రెండు తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకుందా? ఆ తీగ ఇక ఈ పనికి కాదు.

నగరాల్లో కొత్తగా మొదలైన మరో అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. ప్రెషర్ వాషర్ పట్టుకుని సంపులోకి దిగుతున్నారు. గోడలకు పట్టిన జిగురు బాగా వదులుతుందట. నాలుగు గోడలూ తడి, కాళ్ల కింద నీళ్లు, పైనుంచి వేలాడే తీగ, బయటపడాలంటే ఒకే ఒక్క మూత. షాకు కొడితే ఆ మనిషిని పైకి లాగడం కూడా ఎవరి తరమూ కాదు, దిగినవాడూ పోతాడు. యంత్రం పైన పొడిచోట ఉంచి గొట్టం మాత్రమే లోపలికి పంపితే కొంత మేలు. అసలు సంపును కడిగే పని ఆ పనే చేసేవాళ్లకు అప్పగించడం ఇంకా మేలు.

కరెంటు గండం దాటాక రెండో ప్రమాదం నీళ్లదే. ఇది చాలామందికి బొత్తిగా తెలియదు, ఎందుకంటే నీళ్లంటే మనకు భయం లేదు. అంకెల్లో చూద్దాం. కారు టైరులో ఉండే గాలి రెండు రెండున్నర బార్లు. మేడ మీది ట్యాంకు నుంచి కింది అంతస్తు కుళాయికి వచ్చే నీటి ఒత్తిడి ఒక బారు దాటితే గొప్ప. ఇంట్లో వాడే ప్రెషర్ వాషర్ల మీద 100 నుంచి 140 బార్ల దాకా రాసి ఉంటుంది. తిరుమల కొండ మీద ట్యాంకు పెట్టి, అక్కణ్నుంచి పైపు దించి తిరుపతిలో కుళాయి బిగిస్తే, దాని వెనక నిలిచే ఒత్తిడి 70 బార్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దానికి ఒకటిన్నర రెట్లను మీరు అరచేతిలో పట్టుకుంటున్నారు. 120 బార్ల ఒత్తిడి పూర్తిగా వేగంగా మారితే, లెక్క ప్రకారం, ధార గంటకు 500 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నాజిల్ దాటుతుంది. మనిషి చర్మాన్ని ఛేదించడానికి ఏడు బార్లు చాలునని వైద్యులు చెబుతారు.

ఆ గాయం ఎలా ఉంటుందో తెలుసుకోవాలి, ఎందుకంటే అది చూడ్డానికి గాయంలా ఉండదు. సూదితో పొడిచినట్టు చిన్న చుక్క. రక్తం రెండు బొట్లు. మొదటి గంట పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం నీళ్లూ, సబ్బూ, నేల మీది మురికీ, పెయింటు పొడీ, గాలీ కలిసి వేలి నరాల వెంబడి అరచేతిలోకి, అక్కణ్నుంచి ముంజేతి దాకా పాకిపోయి ఉంటాయి. వాపు లోపలే పెరిగి రక్తనాళాలను నొక్కేస్తుంది. రక్తం అందని వేలు చచ్చుబడుతుంది. వైద్య ప్రపంచానికి ఇది కొత్తేమీ కాదు. డీజిల్ ఇంజన్ నుంచి ఒత్తిడితో చిమ్మిన ఇంధనం వేలిలోకి చొచ్చుకుపోయిన కేసు 1937లోనే వైద్య పత్రికకెక్కింది. గ్రీజు గన్నులతో, పెయింటు గన్నులతో పనిచేసేవాళ్లకు ఎప్పట్నుంచో ఉన్న ముప్పు ఇది. ఇప్పుడు మన వాకిట్లోకి వచ్చింది. పెయింటు, థిన్నర్ వంటివి లోపలికి పోయినప్పుడు ఆరు గంటల్లోగా శస్త్రచికిత్స చేసి శుభ్రం చేయకపోతే వేలు తీసేయాల్సి వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని వైద్య పరిశీలనలున్నాయి. ఒట్టి నీళ్లయితే కాస్త నయమే గానీ, నేల కడిగే గన్నులోంచి వచ్చేవి ఒట్టి నీళ్లు ఎప్పుడోగానీ కావు.

కాబట్టి ధార చేతికో కాలికో తగిలి చుక్కంత గాయమైనా సరే, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికొచ్చి పడుకోవద్దు. గాయాన్ని పిండవద్దు. బిగుతుగా కట్టు కట్టవద్దు. చెయ్యి పైకెత్తి ఉంచి, ఆపరేషన్ అవసరం పడొచ్చు గనుక ఏమీ తినకుండా, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. అక్కడ డ్యూటీ డాక్టరుతో "నీళ్లు తగిలాయి" అని చెప్పకండి. "హై ప్రెషర్ ఇంజెక్షన్ గాయం" అని ఈ మాటే చెప్పండి. ఎన్ని బార్ల యంత్రం, ఏ సబ్బు కలిపారు, ఎన్నింటికి జరిగింది అన్నవీ చెప్పండి. పైకి చిన్నగా కనిపించే గాయాన్ని తేలిగ్గా తీసుకునే అవకాశం ఆసుపత్రిలోనూ ఉంటుంది.

కళ్ల గురించి వేరే చెప్పాలా? ధార నేరుగా తగలనక్కర్లేదు. టైల్స్ సందులోంచి లేచిన ఇసుక రేణువో చిన్న గులకరాయో చాలు. సన్‌గ్లాసులు సరిపోవు, పక్కల్నుంచి కూడా మూసి ఉండే గాగుల్స్ కావాలి. కాళ్లకు హవాయి చెప్పులు కాదు, గమ్ బూట్లు వేసుకోండి. గన్ పట్టుకున్నవాడి ధార మొట్టమొదట తగిలేది సొంత పాదానికే.

నాజిల్ ఎంపికలోనే సగం జాగ్రత్త ఉంది. చాలా యంత్రాలకు రంగురంగుల నాజిళ్లు వస్తాయి. ఎరుపు అంటే సున్నా డిగ్రీలు, సూదిలా ఒకే ధార. పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బునీళ్లకు. ఎర్రదానితో ఇంట్లో పని లేదు. అమెరికాలో వినియోగదారుల పక్షాన వస్తువులను పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ, ఈ సున్నా డిగ్రీల ధార ఉన్న ప్రెషర్ వాషర్లను సిఫారసు చేయడమే 2017లో మానేసింది. 2014లో ఆ దేశంలో ప్రెషర్ వాషర్ గాయాలతో ఎమర్జెన్సీ గదులకు వెళ్లినవాళ్లు ఆరు వేల పైచిలుకని ఆ సంస్థే రాసింది. ఇంటి సంగతులన్నిటిలోనూ జాగ్రత్తలు చదివి పాటించే దేశమని మనం అనుకునే చోటే అది పరిస్థితి. మీ పెట్టెలో ఎర్ర నాజిల్ వస్తే చెత్తబుట్టలో వేయండి, పిల్లలకు దొరక్కుండా. కారుకూ బండికీ తెల్లది, నేలకు ఆకుపచ్చది చాలు. మొదట మూడు నాలుగడుగుల దూరం నుంచి మొదలెట్టి, అవసరమైతే దగ్గరికి జరగండి. టైరు పక్కగోడకు మాత్రం అడుగు దూరం తగ్గకూడదు. లోపల దారాలు దెబ్బతింటే ఆ టైరు హైవే మీద పగులుతుంది, కడిగిన రోజున కాదు.

మొదలుపెట్టే వరస చెబుతాం. ఇది తలకిందులైతే యంత్రమూ పాడవుతుంది, మనిషీ దెబ్బతింటాడు. ముందు యంత్రాన్ని నీళ్లు నిలవని, కాస్త ఎత్తైన చోట పెట్టండి, స్విచ్ ఆపే ఉండాలి. గొట్టాలు, గన్, నాజిల్ బిగించి ఒక్కోదాన్ని లాగి చూడండి. సరిగా కూర్చోని నాజిల్ తూటాలా ఎగిరిపోతుంది. నీళ్లు లోపలికి వెళ్లే చోట జల్లెడలో ఇసుక ఉందేమో చూడండి. కుళాయి పూర్తిగా తిప్పండి. ఇంకా కరెంటు పెట్టకుండానే గన్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకోండి. మొదట బుసబుసమంటూ గాలి, తర్వాత తెంపులేకుండా నీళ్లు వస్తాయి. గాలంతా పోయాక ట్రిగ్గర్ వదిలి, లాక్ వేసి, పొడి చేత్తో, కాళ్లకు బూట్లుండగా ప్లగ్గు పెట్టి స్విచ్ వేయండి. ఇప్పుడు రెండు చేతుల్తో గన్ పట్టుకుని, మనుషుల్లేని వైపు తిప్పి, నేలకు గురిపెట్టి లాక్ తియ్యండి. ధార మొదలవగానే గన్ వెనక్కి తంతుంది. మెట్ల మీదా నిచ్చెన మీదా ఆ తన్నుకే జనం పడిపోతున్నారు. నిచ్చెనెక్కి ప్రెషర్ వాషర్ వాడటం అనే పని అసలు లేదనుకోండి. పైఅంతస్తు గోడకు గన్‌కు బిగించే పొడుగు గొట్టం కొనుక్కోండి, లేదంటే వదిలేయండి.

ఆపే వరసలోనే ఎక్కువమంది పొరబడతారు. స్విచ్ ఆపేశాం కదా అని గొట్టం ఊడదీస్తారు. మోటారు ఆగినా గొట్టంలో ఒత్తిడి అలాగే బిగుసుకుని ఉంటుంది. స్విచ్ ఆపాలి, ప్లగ్గు తియ్యాలి, కుళాయి కట్టాలి, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కి లోపలున్న ఒత్తిడి మొత్తం పోయేదాకా పట్టుకోవాలి. నాజిల్ మార్చడానికి మధ్యలో ఆపినా ఇదే పద్ధతి. చాలా యంత్రాల్లో ట్రిగ్గర్ వదలగానే మోటారు దానంతటదే ఆగుతుంది. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి వేలితో నాజిల్ తుడవబోయిన మరుక్షణం అది మళ్లీ తిరుగుతుంది. ఇక చెయ్యి నొప్పెడుతోందని ట్రిగ్గర్‌కు తాడు కట్టేసేవాళ్లకు దండం పెట్టడం తప్ప ఇంకేం చెప్పగలం.

వేటి మీద ధార కొట్టకూడదో కూడా చెప్పాలి. కరెంటు మీటరు, స్విచ్ బోర్డులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకభాగం, చార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటరు, కుక్క, పిల్లలు. ఆఖరి రెండూ రాయాల్సి రావడం సిగ్గుచేటే. కానీ రీల్స్ కోసం స్నేహితుడి మీదికి గన్ తిప్పే కుర్రాళ్లున్న కాలమిది. మేడ మీద ట్యాంకు కడిగేటప్పుడు సర్వీసు వైరు ఎటు పోతోందో, పక్కన 11 కేవీ లైను ఎంత దూరంలో ఉందో తల ఎత్తి చూడండి. ఇంటి పిట్టగోడకు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో లైన్లున్న కాలనీలు మనకు కొత్త కాదు. తీగల దిక్కు ధార పోకూడదు, గన్ లేవకూడదు. లైను మరీ దగ్గరగా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

సిమెంటు రేకుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాత రేకుల షెడ్డు మీద పాకుడు వదిలించడానికి ప్రెషర్ వాషర్ పెడుతున్నారు. మన దగ్గర వేసిన సిమెంటు రేకుల్లో ఎక్కువభాగం ఆస్‌బెస్టాస్ కలిపినవి. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. రేకు కదలకుండా ఉన్నంతవరకు పోగులు సిమెంటులోనే ఉంటాయి. బలమైన ధార పైపొరను గీకేస్తే అవి నీళ్లతో పెరట్లోకి, మొక్కల్లోకి చేరి, ఎండాక గాలిలో లేస్తాయి. పీల్చిన పోగు ఊపిరితిత్తిలో ఇరవై ముప్ఫై ఏళ్లు నిద్రపోయి జబ్బుగా లేస్తుంది. ఆస్ట్రేలియాలో ఆస్‌బెస్టాస్ మీద హై ప్రెషర్ నీళ్లు కొట్టడం చట్టవిరుద్ధం. ఇక్కడ అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే మానుకోవాలి. పైగా ఆ రేకులు మనిషి బరువు మోయవు, కాలు పెడితే విరుగుతాయి.

పల్లెల్లో వేరే కథ. అక్కడ ఆన్‌లైన్ యంత్రం అక్కర్లేదు, పొలానికి మందు కొట్టే హెచ్‌టీపీ పంపు ఉండనే ఉంది. దానికే గన్ తగిలించి ట్రాక్టరూ, గొడ్ల కొట్టమూ, కొన్ని చోట్ల తాగునీటి ట్యాంకూ కడిగేస్తున్నారు. నిన్న మిరప తోటకు పురుగుమందు పోసిన పంపది, అదే గొట్టమది. మందు అడుగూబొడుగూ గొట్టంలోనే ఉంటుంది. దాన్ని తాగునీటి ట్యాంకులోకి ఎన్నడూ దింపకండి, గొడ్లు తినే గాడిని దాంతో కడగకండి. పెట్రోలు ఇంజనుదైతే ఇంకో ముప్పు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు తలనొప్పితో మొదలై నిద్రలోకి లాగినట్టే ప్రాణం తీస్తుంది. అమెరికాలో వృత్తి భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1996లో ఇచ్చిన హెచ్చరికలో ఒక రైతు ఉదంతం ఉంది. 11 హార్స్‌పవర్ పెట్రోలు ప్రెషర్ వాషర్‌తో తన కొట్టం కడుగుతూ సుమారు అరగంటకే ఆయన స్పృహ తప్పి చనిపోయాడు. తలుపులు తెరిచి ఉంటే సరిపోతుందనుకోవద్దు, ఇంజను ఆరుబయటే ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్రోలు యంత్రం వద్దే వద్దు. అమెరికాలో స్థిరపడి గరాజుల్లో ఇలాంటివి నడిపే మనవాళ్లకూ ఇదే మాట. అలాగే 2025లో అక్కడ ఒక బ్రాండు, కెపాసిటర్ వేడెక్కి పగులుతోందని ఏడు లక్షలకు పైగా కరెంటు ప్రెషర్ వాషర్లను వెనక్కి పిలిచింది. మీ దగ్గరున్నది ఆ జాబితాలో ఉందేమో ఒకసారి చూసుకోండి.

యాసిడ్ గురించి ఒక్క వాక్యం: సబ్బు డబ్బాలో బాత్రూమ్ యాసిడ్ పోయకండి, బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ అసలే వద్దు, ఆ రెండూ కలిస్తే లేచేది క్లోరిన్ వాయువు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. ఈ యంత్రం కొనేది యజమాని, పట్టుకునేది చాలా ఇళ్లలో వాచ్‌మన్, డ్రైవర్, పనిమనిషి. అపార్ట్‌మెంట్ సంఘం డబ్బులు పోగేసి ఒకటి కొంటుంది, రెండో రోజు నుంచి వాచ్‌మన్ ఒట్టి కాళ్లతో సెల్లార్ కడుగుతుంటాడు. ప్లగ్గు పెట్టింది ఎక్కడ? జనరేటర్ గది పక్కన ఊడిన సాకెట్లో. పుస్తకం ఇంగ్లిషులో ఉంది, ఉన్నా చదివి చెప్పేవాడు లేడు. అతనికి బూట్లు కొనిచ్చారా? గాగుల్స్? ఎర్త్ చూపించారా? యంత్రానికి వేలు పెట్టిన సంఘం దగ్గర ఐదారొందల బూట్లకు డబ్బుల్లేవంటే నమ్మాలా? అతనికేమైనా అయితే ఎవరి బాధ్యతని సంఘం సమావేశంలో ఈ ఆదివారమే అడగండి. జవాబు రాకపోతే ఆ యంత్రానికి తాళం వేయండి.

జరగకూడనిది జరిగితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. షాకు తగిలినవాణ్ని పరుగెత్తుకెళ్లి పట్టుకోకండి, తడి నేల మీద అడుగూ పెట్టకండి. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతివాళ్లకూ చూపించి ఉంచండి. ఆపడం కుదరకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరును విడదీయండి. పైనున్న లైను తీగ తగిలితే మాత్రం కర్రతో కూడా దగ్గరికి పోకండి, కరెంటాఫీసు సరఫరా ఆపేదాకా దూరంగా ఉండాల్సిందే. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, పిలిస్తే పలక్కపోతే, ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూనే ఉండండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని "బాగానే ఉంది" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి, గుండె లయ తర్వాత కూడా తప్పొచ్చు.

అమ్మేవాళ్లకు రెండు మాటలు. పెట్టె మీద బార్ల అంకెను అరచేతి మందం అక్షరాల్లో అచ్చేసే కంపెనీ, ఆర్‌సీసీబీ లేని చోట వాడొద్దన్న మాటను మాత్రం పుస్తకంలో చివరి పేజీల్లో ఇంగ్లిషులో దాచడం న్యాయం కాదు. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి యంత్రానికీ తెలుగులో ఒక హెచ్చరిక చీటీ వైరుకే కట్టి ఇవ్వాలి, ఎర్ర నాజిల్‌ను ఇళ్లకు అమ్మే పెట్టెల్లోంచి తీసేయాలి. ఇందుకోసం ప్రభుత్వం ఆదేశం ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. విద్యుత్ పంపిణీ సంస్థలూ దసరాకు ముందే ఇంటి ఎర్తింగ్, ఆర్‌సీసీబీ తనిఖీ మీద బిల్లుల వెనక నాలుగు పంక్తులు అచ్చేయించవచ్చు.

పాఠకులకు విన్నపం ఒక్కటే. యంత్రం ఇప్పటికే కొన్నవాళ్లు ఇవాళ సాయంత్రమే మెయిన్ బోర్డులో ఆ "టి" మీట నొక్కి చూడండి. అది పడకపోయినా, అసలు లేకపోయినా, ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లేదాకా ప్రెషర్ వాషర్‌ను పెట్టెలోనే ఉంచండి.